జైలు నుంచి గెలిచిన లియాన్

అమెరికా రాజ్యాంగాన్ని దేవుడి పటం లెక్క గోడకు తగిలించి దండం పెట్టే మేధావులకు మన దగ్గర కొదవ లేదు. ఒక్క మాట అడుగుదాం. 1787లో ఫిలడెల్ఫియాలో పెద్దలు రాసిన ఆ కాగితంలో పత్రికా స్వేచ్ఛ ఏది? లేదు! హక్కుల చిట్టా లేదని జార్జి మేసన్ సంతకమే పెట్టలేదు. రాష్ట్రాలు నిలదీస్తే గానీ 1791లో హక్కుల సవరణలు రాలేదు.

పోనీ, వచ్చినంక నిలిచాయా? 7 ఏండ్లు తిరక్కముందే, 1798లో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ రాజద్రోహ చట్టం తెచ్చాడు. అధ్యక్షుడి మీద, కాంగ్రెస్ మీద రాసే అబద్ధాలను అరికట్టడానికేనట! ఏది అబద్ధమో తేల్చేది వాళ్ల కోర్టులే. ఉపాధ్యక్షుణ్ని మాత్రం ఎంతైనా తిట్టుకోవచ్చు. ఆ కుర్చీలో ఉన్నది ఎదుటి పక్షం జెఫర్సన్ మరి!

ఆడమ్స్‌కు ఆడంబరాల పిచ్చి, భజన మోజు అని వెర్మాంట్ కాంగ్రెస్ సభ్యుడు మాథ్యూ లియాన్ పత్రికకు రాశాడు. 4 నెలల జైలు, 1000 డాలర్ల జరిమానా. శిక్ష వేసిన జడ్జి విలియం ప్యాటర్సన్ ఎవరనుకున్నారు? ఫిలడెల్ఫియాలో ఆ రాజ్యాంగం మీద సంతకం చేసినవాళ్లలో ఒకడు!

కాగితం లియాన్ పక్కన నిలబడలేదు. ఓటర్లు నిలబడ్డారు. జైల్లో ఉండగానే మళ్లీ గెలిపించారు. 1800 ఎన్నికల్లో ఆడమ్స్‌ను ఇంటికి పంపారు. 1801 మార్చిలో ఆ చట్టం గడువు తీరి పోయింది తప్ప ఏ కోర్టూ కొట్టేయలేదు. జరిమానా వడ్డీతో సహా వాపసు చేయడానికి కాంగ్రెస్‌కు 1840 దాకా పట్టింది. లియాన్ చనిపోయి అప్పటికి 18 ఏండ్లు.