వెళ్లొచ్చినవాళ్లను అడగండి!

కూతురి కాన్పుకు అమెరికా బయల్దేరే అమ్మానాన్నల ఇంట్లో నెల ముందు నుంచే హడావుడి. ఆవకాయ ఎలా కట్టాలో ఇరుగుపొరుగంతా చెబుతారు. అసలు పనికొచ్చే సంగతులు తెలిసేది మాత్రం ఒకసారి వెళ్లొచ్చినవాళ్లకే.

బీపీ, షుగరు మందులు పెద్ద సూట్‌కేసులో వేయొద్దన్నది వాళ్ల మొదటి మాట. పెట్టె రావడం ఆలస్యమైతే కష్టం. డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. పవర్‌బ్యాంకు కూడా అందులోనే.

తినే వస్తువులేం తెచ్చారని అక్కడి కస్టమ్స్ అధికారులు అడిగితే ఉన్నవన్నీ చెప్పేయాలి. దాస్తే జరిమానా పడొచ్చు. మామిడిపండ్లు, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయడం మేలు.

వీసా పదేళ్లకు ఇచ్చారు కదాని అన్నాళ్లూ ఉండిపోవచ్చనుకోకూడదు. ఎన్నాళ్లుండొచ్చో దిగినచోట అధికారి నిర్ణయిస్తారు. ఆ గడువు ఐ-94 రికార్డులో ఉంటుంది. తప్పక చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం వైద్య బీమా. అక్కడ ఒక్కరోజు ఆసుపత్రిలో ఉన్నా ఖర్చు లక్షల్లోకి వెళ్లొచ్చు. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో ముందే అడగాలి. మనవణ్నో మనవరాలినో ఎత్తుకునే సంబరంలో ఆ ఒక్క కాగితం మరచిపోతే, భారం పడేది పిల్లల మీదే.