తల్లికీ నెలలు నిండలేదు

వంశధార ఒడ్డున శ్రీముఖలింగం శివాలయానికి వెళ్లినవాళ్లు గర్భాలయంలో మధుకేశ్వరుడి వెనకున్న పెద్ద మట్టి గోలేన్ని చూసే ఉంటారు. దానికి ఊళ్లో ఓ కథ చెబుతారు. పిల్లల్లేని కుమ్మరి ఒకాయన, కొడుకు పుడితే గోలెం ఇస్తానని మొక్కుకున్నాడు. కొడుకు పుట్టాడు. మొక్కు తీర్చబోతే గోలెం గుమ్మంలో పట్టలేదు. బిడ్డనిచ్చినవాడివి దీన్నీ నువ్వే లోపలికి తీసుకో అని కోపంగా గుడి ముందు వదిలేసి పోయాడు. తెల్లారేసరికి అది లోపలుంది.

కోరుకున్న బిడ్డ పుట్టాక కూడా మనిషికి కోపం రావచ్చని ఈ కథ ఒప్పుకుంది. నెలలు నిండకుండా కన్న తల్లికి మనం ఆపాటి చోటు కూడా ఇవ్వడం లేదు.

37 వారాలు నిండకముందే కాన్పయితే వంశధార ఒడ్డు పల్లెల నుంచి బిడ్డను శ్రీకాకుళం పట్టుకెళ్తారు. 'బాక్సులో పెట్టారు' అంటారు. బిడ్డ అద్దం అవతల, తల్లి ఇవతల. పాలు చేపి రవిక తడుస్తుంటుంది. పిండిన పాలు చిన్న గిన్నెలో లోపలికెళ్తాయి, ఆమె బయటే ఉండిపోతుంది. చూడ్డానికొచ్చిన వాళ్లు "ఏ బరువెత్తినావమ్మా?" అంటారు. జాలితోనే అడుగుతారు, ఆమె చెవికది నేరారోపణ. ఆ వెంటనే "ప్రాణం దక్కింది, అదే పదివేలు" అంటారు. దాంతో ఏడ్చే హక్కూ పోతుంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదన్న మాట ఒకటి. అది పచ్చి అబద్ధం. కడుపులో గడిచే ప్రతి వారం బిడ్డకు బలమే.

లండన్‌లో పిల్లల వైద్యుడిగా పనిచేసిన మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1956లో ఒక సంగతి రాశారు. గర్భం చివరి రోజుల్లో తల్లి మనసు మిగతా లోకాన్ని పక్కనబెట్టి బిడ్డ మీదకే మళ్లుతుందని, కాన్పయ్యాక కొన్ని వారాలు అలాగే ఉంటుందని. ఏడో నెలలో కన్నామె ఆ రోజులకు చేరనే లేదు. ఆమెకూ నెలలు నిండలేదు. గొట్టాల మధ్య అరచేతంత ఉన్న బిడ్డను చూసి ఆమెకు ప్రేమకన్నా ముందు భయం పుడితే, అసలేమీ అనిపించకపోతే, అది ఆమె తప్పెలా అవుతుంది? ఊహల్లో పెంచుకున్న బొద్దుబిడ్డ ఆమెకు దక్కలేదు. అదీ ఒక దుఃఖమే, బిడ్డ బతికి ఉన్నా సరే. తండ్రి సంగతి ఎవరూ అడగరు. డబ్బుకీ మందులకీ తిరగడంలోనే అతని ఏడుపు ఇంకిపోతుంది.

బిడ్డను అద్దం అవతల కాక తల్లి గుండెకు ఆనించి ఉంచే పద్ధతి కొలంబియాలోని బొగోటాలో 1978 ప్రాంతంలో మొదలైంది. పుట్టిన వెంటనే అలా ఉంచితే ఏమవుతుందో మన దేశం సహా అయిదు దేశాల్లో పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం, కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్లో మొదటి 28 రోజుల మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఇందుకోసం బిడ్డలున్న వార్డుల్లోనే తల్లులకూ మంచాలు వేశారు. మన జిల్లాల్లో నవజాత శిశు విభాగాలన్నింటా తల్లి మంచం ఉండి తీరాలి. ఆమె మాట వినడానికి శిక్షణ పొందిన మనిషి ఒకరైనా ఉండాలి.

మీ వీధిలో అలాంటి బాలింత ఇంటికి చేరితే వెళ్లి పలకరించండి. ఏ బరువెత్తావని మాత్రం అడగకండి.