గురుపరంపర ఒక్కటే చాలదు

బ్రెజిలియన్ జియు-జిట్సు శిక్షణాలయాలు తమ గురుపరంపరను సగర్వంగా చెప్పుకొంటాయి. 1882లో జపానులో కొడోకాన్ జూడోను స్థాపించిన జిగోరో కానో, ఆ విద్యతో 1914లో బ్రెజిల్ చేరిన మిత్సుయో మయేదా, ఆయన శిష్యుడు కార్లోస్ గ్రేసీ, కార్లోస్ తమ్ముడు ఎలియో - ఇదీ ఆ వరుస.

1951లో రియోలోని మరకానా స్టేడియంలో జూడో యోధుడు మసాహికో కిమురా ఎలియో చేతిని మెలిపెట్టి విరిచాడు. ఎలియో ఓటమిని ఒప్పుకోలేదు. కార్లోస్ తువ్వాలు విసిరాకే పోరు ఆగింది. దీనిని శౌర్యగాథగా చెబుతారు. వైద్యునిగా నేను అంగీకరించలేను.

ఈ విద్యలో పట్టుబడినవారు అరచేత్తో తట్టగానే ప్రత్యర్థి పట్టు వదలాలి. కీలు మెలిపడితే లిగమెంట్లు తెగడానికి క్షణం చాలు. మెడకు ఇరువైపులా కరోటిడ్ ధమనులు నొక్కుకుపోతే సుమారు 10 సెకన్లలోనే స్పృహ తప్పవచ్చు. ఆ తట్టడం పిరికితనం కాదు, ఆత్మరక్షణ.

కనుక మీరుగాని, మీ పిల్లలుగాని చేరే ముందు గురువుకు బ్లాక్ బెల్ట్ ఎవరిచ్చారో తప్పక అడగండి. ఆపైన ఒక పూట కూర్చొని శిక్షణను గమనించండి. తట్టిన శిష్యుణ్ణి అక్కడ ఎగతాళి చేస్తుంటే, పరంపర ఎంత గొప్పదైనా వెనుదిరగండి.