ఉగాది శుభాకాంక్షలు వద్దు, ఈసీ పంపండి

ఉగాది, వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి. ఇవి చాలవన్నట్టు మన పుట్టినరోజు, పెళ్ళిరోజు. సొంత మేనమామ మర్చిపోయినా, ఏడెనిమిదేళ్ళ క్రితం మనకు ప్లాటు అమ్మిన ఏజెంటు మాత్రం మర్చిపోడు. వాట్సాప్‌లో బంతిపూల బొమ్మ, దాని మధ్యలో ఆయనగారి ఫోటో, కింద కొత్త వెంచర్ పేరు. మన ప్లాటు సంగతి మాత్రం ఒక్క ముక్క ఉండదు. రాళ్ళున్నాయా, పక్కవాడు కంచె ఇటు జరిపాడా, అసలు దారి ఉందా... ఊహూఁ.

దీన్ని రియల్ ఎస్టేట్ భాషలో "పాత కస్టమర్‌తో టచ్‌లో ఉండటం" అంటారు. నేనైతే మళ్ళీ జేబు తడిమి చూడటం అంటాను.

మా వైపు సంగతే చెప్తాను. 2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లాని ముక్కలు చేసి వనపర్తి, నాగర్‌కర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలు చేశారు కదా. కలెక్టరేటు ఎటువైపు వస్తుందంటే అటువైపు రాళ్ళు పాతారు. బెంగళూరు హైవే మీద కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తా... బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వేరుశనగ చేల మధ్య ఆర్చీలు, ఆర్చీల వెనక గడ్డి. కల్వకుర్తి వైపు శ్రీశైలం రోడ్డు పేరు, కొల్లాపూర్ వైపు సోమశిల బ్రిడ్జి పేరు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది అక్కడ ఉండేవాళ్ళు కాదు. హైదరాబాదులో, బెంగళూరులో, డాలస్‌లో ఉన్న మనలాంటి వాళ్ళు; బొంబాయి, పూణేల్లో బిల్డింగు పనులకు పోయిన పాలమూరు కూలీలు. ఇద్దరిదీ ఒకటే బాధ. కొన్న జాగాని రోజూ చూసుకోలేరు.

అందుకే ఇక్కడ ఏజెంటు పాత కస్టమర్‌ని గుర్తుంచుకోవడం అనేది మర్యాదకి సంబంధించిన విషయం కాదు. అక్కడ ఉన్న మన కన్ను అతనొక్కడే.

ఊళ్ళో ఎవరి భూమి ఎవరిదో నోటి లెక్కగా చెప్పగలిగే పట్వారీ వ్యవస్థని 1984లో ఎన్టీఆర్ తీసేశారు (తీసెయ్యాల్సిందే, అది వేరే కథ). 2020లో వీఆర్వోలనీ తీసేశారు. అదే ఏడాది అక్టోబరులో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది, ఆ తర్వాత గ్రామ పాలన అధికారులని మళ్ళీ ఊళ్ళకి మనుషుల్ని పంపారు. పోర్టల్ మారిన ప్రతిసారీ ఊరి జ్ఞాపకం కొంచెం కొంచెం చెరిగింది. ఇన్ని మార్పుల్లోనూ ఆ మండలంలో తిరుగుతూనే ఉన్న మనిషి ఎవరయ్యా అంటే ఏజెంటే. తహసీల్ ఆఫీసు ముందు చాయ్ తాగేదీ ఆయనే, ఏ సర్వే నంబరు మీద గొడవ నడుస్తుందో ముందు తెలిసేదీ ఆయనకే. అన్నీ తెలిసిన మనిషి మనకి పంపేది బంతిపూలు!

ఏం పోతుంది అంటారా? మొదటిది లిమిటేషన్ చట్టం. మన ఖాళీ జాగాలో వేరేవాడు పాగా వేసి, 12 ఏళ్ళు అందరికీ తెలిసేలా, అడ్డు లేకుండా అనుభవించానని కోర్టులో రుజువు చేసుకుంటే, స్వాధీనం కోసం దావా వేసే మన హక్కుకే కాలదోషం పడుతుంది. పన్నెండేళ్ళంటే ఎక్కువ అనిపిస్తుంది గానీ, ఒక హెచ్1బీ మీద వెళ్ళినవాడు గ్రీన్‌కార్డు లైన్లో నిలబడితే అంతకంటే ఎక్కువే అవుతుంది :)

రెండోది భూసేకరణ. ఏ రోడ్డు చూపించి అమ్మారో ఆ రోడ్డే మన ప్లాటు మీదుగా పోవచ్చు. జాతీయ రహదారుల చట్టం కింద అయితే నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు. 2013 భూసేకరణ చట్టం కింద అయితే 60 రోజులు. పేపర్లో వేస్తారు, పంచాయతీలో అంటిస్తారు. బెంగళూరులో ఉన్నవాడికి గద్వాల పేపరు ఎవడు చదివి వినిపిస్తాడు?

మూడోది మా ఇంట్లోనే జరిగింది. మా చిన్నాయన పూణేలో మేస్త్రీ. 2018లో వనపర్తి శివార్లో 200 గజాలు కొన్నాడు, లేఅవుట్‌కి అనుమతి లేదు. 2020లో ఎల్ఆర్ఎస్ పెట్టారు కదా, అప్పుడు రాష్ట్రం మొత్తం మీద సుమారు 25 లక్షల దరఖాస్తులు పడ్డాయి. చిన్నాయన తరఫున ఏజెంటే వెయ్యి రూపాయలు కట్టించి దరఖాస్తు పెట్టాడు. మంచిదే. కానీ ఫోన్ నంబరు దగ్గర తన నంబరు ఇచ్చుకున్నాడు. 2025లో ప్రభుత్వం ఛార్జీల్లో 25 శాతం రాయితీ అంది, మార్చి 31 గడువు అంది, తర్వాత పొడిగించింది. మెసేజ్‌లు వస్తే ఏజెంటు ఫోనుకి రావాలి. ఆయన అప్పటికి వేరే వెంచర్లో ఉన్నాడు. ఆ మార్చి 30నే ఉగాది. చిన్నాయనకి రాయితీ కబురు రాలేదు, ఉగాది శుభాకాంక్షలు మాత్రం టంచనుగా వచ్చాయి! పొడిగింపులు కూడా అయిపోయాక ఇంకెవరో చెప్తే తెలిసింది. ఫోన్ చేసి అడిగితే, "అన్నా, అది నువ్వు చూస్కోవాలె గదనే. అది సరే గానీ కొత్త వెంచర్ పడ్డది, ఒకపారి చూడరాదు?" అన్నాడు.

ఏజెంట్ల వాదన నాకు తెలుసు. రెండు శాతం కమీషన్ తీసుకున్నందుకు జీవితాంతం కాపలా కాయాలా అంటారు. చట్టం కూడా వాళ్ళ వైపే ఉంది. 2016 నాటి రెరా చట్టంలో 9వ సెక్షన్ ఏజెంటు రిజిస్టర్ చేసుకోవాలంటుంది, 10వ సెక్షన్ లెక్కలు రాయమంటుంది, రిజిస్టర్ కాని ప్రాజెక్టు అమ్మొద్దంటుంది, బుకింగ్ సమయంలో కొనేవాడికి రావాల్సిన కాగితాలు అందేలా చూడమంటుంది. బుకింగ్ సమయంలో! ఆ తర్వాత ఏళ్ళ సంగతి దాన్లో లేదు. ఇహ ఫామ్ ల్యాండ్ పేరుతో గుంటల లెక్కన అమ్మేవాళ్ళ దగ్గర ఆ సెక్షన్ల పేరెత్తితే నవ్వుతారు.

సరే, ఊరికే చెయ్యొద్దు. డబ్బులు తీసుకోండి. ఏడాదికి పదిహేను వందలో రెండు వేలో తీసుకుని, ఒకసారి బండి మీద వెళ్ళి నాలుగు మూలలా హద్దు రాళ్ళ ఫోటోలు తియ్యండి, తేదీ, లొకేషన్ పడేలా. ఒక ఈసీ తీసి పంపండి. ఆ సర్వే నంబరు మీద కేసుగానీ నోటిఫికేషన్‌గానీ పడిందేమో కనుక్కుని రెండు వాక్యాలు రాయండి. ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయండి. ఆ రెండు పదాలు చదివి హాయిగా నిద్రపోయేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే పదిమంది ఉన్నారు. అలాంటి ఏజెంటుకి వేరే ప్రచారం అక్కర్లేదు, ఆఫీసు క్యాంటీన్లో మనమే చేసిపెడతాం. పెబ్బేరు సంతలో ఎద్దుని అమ్మించిన బేరగాడు వచ్చే వారం అదే రైతు ఎదురు పడతాడని తెలిసి మాట్లాడతాడు. ప్లాటు బేరగాడికి ఆ భయం లేదు, ఎదురు పడాల్సినవాడు బెంగళూరులో ఉన్నాడు కాబట్టి.

ఇందులో మన ఫీల్డు వాళ్ళ వాటా కూడా ఉంది. ఏజెంట్లకి అమ్మే సీఆర్ఎం సాఫ్ట్‌వేర్ డెమోలు ఒకట్రెండు చూశాను. కస్టమర్ రికార్డులో పుట్టినరోజు ఉంది, పెళ్ళిరోజు ఉంది, పిల్లల వయసు ఉంది (ఎందుకంటే పెళ్ళీడొస్తే ఇంకో ప్లాటు!), బడ్జెట్ ఉంది, మళ్ళీ కొనే అవకాశం ఎంత శాతమో ఉంది. డాక్యుమెంటు నంబరు లేదు. సర్వే నంబరు లేదు. ఎల్ఆర్ఎస్ దరఖాస్తు నంబరు లేదు. అమ్మిన వస్తువు గురించి ఒక్క కాలమ్ కూడా లేని టేబుల్‌ని ఎవరు డిజైన్ చేశారో గానీ, శుభాకాంక్షలు పంపే క్రాన్ జాబ్ మాత్రం ఒక్కరోజు కూడా ఫెయిల్ కాదు. మొత్తం కలిపి మూడు కాలమ్‌లు, ఏడాదికో రిమైండరు. ఒక మధ్యాహ్నం పని అది.

మీలో ఎవరైనా అలాంటివి రాస్తుంటే ఆ మూడూ పెట్టండి. ప్లాటున్నవాళ్ళు ఈ శనివారం రెండు పనులు చెయ్యండి. మీ ఎల్ఆర్ఎస్ దరఖాస్తులో ఎవరి ఫోన్ నంబరు ఉందో చూసుకోండి. ఈసారి పండక్కి ఏజెంటు బంతిపూలు పంపినప్పుడు దండం బొమ్మ పెట్టి ఊరుకోకుండా, డాక్యుమెంటు నంబరు టైపు చేసి, ఈసీ కావాలి, ఎంతవుతుందో చెప్పండి అని అడగండి. మా చిన్నాయన చేత నేను అదే అడిగించాను. రెండు నీలం టిక్కులు పడి పదకొండు రోజులైంది.