సైనికుడికి దక్కని సంశయ లాభం

భారత సైన్యం 2018ని 'విధి నిర్వహణలో వికలాంగులైన సైనికుల సంవత్సరం'గా పాటించింది. మరుసటి ఏడాది జూన్‌లోనే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ జారీ చేసింది. వైకల్యం కారణంగా సర్వీసు మధ్యలో ఇంటికి పంపినవారి వైకల్య పెన్షన్‌కే ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటుందని, అదే వైకల్యంతో పూర్తికాలం పనిచేసి రిటైరైనవారికి ఉండదని దాని సారాంశం. కాలు కుంటుతున్నా కొలువు వదలనివాడు, వదలనందుకే పన్ను కట్టాలన్నమాట. ఆ వివాదమూ చివరికి కోర్టు మెట్లెక్కింది. ఈ రెండు నిర్ణయాలనూ పక్కపక్కన పెడితే మన గౌరవం ఎక్కడిదాకా వెళ్లి ఆగిపోతోందో తెలుస్తుంది. వేదిక మీద సైనికుడిని నమ్ముతున్నాం, ఫైలులో మాత్రం అనుమానిస్తున్నాం. గాయపడిన సైనికుడికి సన్మానం చేసినా చేయకపోయినా ఫర్వాలేదు. తన గాయాన్ని తానే రుజువు చేసుకోవలసిన దుస్థితి తప్పిస్తే అదే అసలైన గౌరవం.

ఇది కొత్త కోరికేమీ కాదు. పెన్షన్ అర్హతకు సంబంధించిన 1982 నాటి నిబంధనల్లోనే ఈ మాట ఉంది. చేరిన రోజున రికార్డులో ఏ జబ్బూ నమోదు కాకపోతే ఆ రోజుకు అతను సంపూర్ణ ఆరోగ్యవంతుడనే భావించాలి. అర్హతను నిరూపించుకొమ్మని అతన్ని అడగకూడదు. సహేతుకమైన సందేహం ఏదైనా మిగిలితే దాన్ని అతనికే అనుకూలంగా తీర్చాలి. దొంగతనం కేసులో ముద్దాయికి దక్కే సంశయ లాభమే సైనికుడికీ దక్కాలన్నది దీని ఆంతర్యం. ఆచరణ ఇందుకు భిన్నంగా సాగింది. సర్వీసు నుంచి పంపించే ముందు మెడికల్ బోర్డు ఒక ఫారం నింపుతుంది. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా అని అందులో రెండు ప్రశ్నలుంటాయి. రెండింటికీ 'కాదు' అని రాసి, పుట్టుకతో వచ్చిన శరీరతత్వమే కారణమని ఒక ముక్క చేరిస్తే చాలు, వైకల్య పెన్షన్ అక్కడే ఆగిపోతుంది. ఎందుకు కాదో కారణం రాయని ఫారాలెన్నో కోర్టుల ముందుకు వచ్చాయి.

ధరమ్‌వీర్ సింగ్ కేసు ఇందుకు నిదర్శనం. 1985లో సిగ్నల్స్ విభాగంలో చేరిన ఈ జవాను మూర్ఛ జబ్బుతో, 20 శాతం వైకల్యంతో 1994లో ఇంటికి వచ్చాడు. జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదన్నారు. చేరేనాటికి జబ్బు ఉన్నట్టు రికార్డు లేనప్పుడు అది సర్వీసులో వచ్చిందనే భావించాలని, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. అప్పటికి 19 ఏళ్లు గడిచాయి. మరుసటి ఏడాది రామ్ అవతార్ కేసులోనూ ఇదే వరస. 50 శాతంలోపు వైకల్యాన్ని 50గా, అంతకు మించి 75 వరకు ఉంటే 75గా, ఆపైన 100గా లెక్కగట్టే వెసులుబాటును పూర్తికాలం పనిచేసినవారికి ప్రభుత్వం నిరాకరించింది. వారికి అనుకూలంగా ట్రిబ్యునళ్లు ఇచ్చిన తీర్పుల మీద వరసపెట్టి అప్పీళ్లకు వెళ్లింది. వాటన్నిటినీ సుప్రీంకోర్టు ఒక్క దెబ్బకు కొట్టేసింది. ఢిల్లీలో ఫైలు కదిలించడం ప్రభుత్వానికి రోజువారీ పని. ప్రకాశం జిల్లా పల్లెలోనో శ్రీకాకుళంలోనో ఉండే మాజీ జవానుకు మాత్రం సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచిలో కేసు నడపడమంటే రానుపోను ఖర్చు, వకీలు ఫీజు, వాయిదాలు. సగం మంది దారిలోనే ఆశ వదులుకుంటే ఆశ్చర్యమేముంది?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఏటా రిటైరయ్యే ఆఫీసర్లలో దాదాపు 40 శాతం, ఇతర ర్యాంకుల్లో 18 శాతం దాకా వైకల్య పెన్షన్ పొందుతున్నారని 2023లో కాగ్ వెల్లడించింది. రక్తపోటు, మధుమేహం వంటి జబ్బుల వాటా అందులో తక్కువేమీ కాదు. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన కొత్త నిబంధనలు ఇలాంటి జబ్బుల విషయంలో పట్టు బిగించాయి. దుర్వినియోగం జరుగుతోందన్న ఆందోళనను కొట్టిపారేయలేం. అయితే ఆ అంకెలనే మరోసారి చూడాలి. సరిహద్దు పోస్టుల్లో ఎక్కువ కాలం గడిపేది జవాన్లు, వైకల్య పెన్షన్ రెట్టింపు నిష్పత్తిలో అందుతున్నది ఆఫీసర్లకు. జవాన్ల శరీరాలు ఆఫీసర్ల కన్నా దృఢమైనవనుకుంటే తప్ప, కాగితం నింపడం తెలిసినవాడికి దక్కుతున్నది తెలియనివాడికి దక్కడం లేదని అనుమానించక తప్పదు. అలాంటప్పుడు నిబంధనను అందరికీ బిగిస్తే మొదట నలిగేది జవానే. పైగా వైకల్యాన్ని ధ్రువీకరించేది సైనిక వైద్యులే. ఎక్కడైనా తప్పుడు ధ్రువపత్రం వెళ్లిందనుకుంటే దాన్ని తనిఖీ చేయాలి, బాధ్యులను పట్టుకోవాలి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టుకోం కదా!

అనుమానానికి తావే లేనిచోట కూడా న్యాయం జరగడం లేదన్నది మరో చేదు నిజం. నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఇండియన్ మిలిటరీ అకాడమీల్లో శిక్షణలో గాయపడి ఇంటిదారి పట్టిన కేడెట్ల గురించి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. 1985 నుంచి అలాంటివారు దాదాపు 500 మంది. గాయమైంది అకాడమీ మైదానంలోనే, సాక్షులు బోధకులే. కానీ కమిషన్ పొందలేదు గనుక వారు మాజీ సైనికులు కారు, అందేది పెన్షన్ కాదు, గరిష్ఠంగా నెలకు రూ.40,000 ఎక్స్‌గ్రేషియా మాత్రమే. కోర్టు కన్నెర్రజేశాకే మాజీ సైనికుల వైద్య పథకంలో వారికి చోటు దొరికింది. అగ్నివీరుల సంగతీ ఇంతే. వైకల్యం 100, 75, 50 శాతాలను బట్టి రూ.44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షలు ఏకమొత్తంగా ఇస్తారు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి వెన్నెముక దెబ్బతింటే ఆ వైకల్యం అర్ధ శతాబ్దం వెంట ఉంటుంది, ఏకమొత్తం మాత్రం ఉండదు.

డబ్బుతోనే గౌరవం వస్తుందా, పని కల్పించి ఆత్మవిశ్వాసం నింపాలి గానీ అనేవారూ ఉన్నారు. వారు చెప్పే ఉదాహరణలు గొప్పవే. 1971 యుద్ధంలో మందుపాతర పేలి ఛిద్రమైన కాలును తన కుక్రీతో తానే తొలగించుకున్న ఇయాన్ కార్డోజో, కృత్రిమ కాలుతోనే బెటాలియన్‌కూ బ్రిగేడ్‌కూ నాయకత్వం వహించారు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడిన మురళీకాంత్ పేట్కర్, 1972 హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్ ఈతలో దేశానికి తొలి స్వర్ణం తెచ్చారు. ఆయనకు పద్మశ్రీ దక్కింది 2018లో, అంటే 46 ఏళ్ల తర్వాత! అసాధారణులకే ఇంత ఆలస్యమైతే మామూలు జవాను మాటేమిటి? పుణే ఖడ్కీలోని పారాప్లెజిక్ కేంద్రంలో చక్రాల కుర్చీలో కూర్చుని నోటితో కుంచె పట్టి బొమ్మలు వేసేవారున్నారు. వారిది అచ్చమైన పట్టుదల. అయితే పునరావాసానికి అండగా నెలనెలా నమ్మకంగా వచ్చే పెన్షన్ కావాలి. వీరగాథలు పెన్షన్‌కు బదులు కాలేవు.

చేయవలసినవి చాలావరకు తెలిసినవే. 'సర్వీసుతో సంబంధం లేదు' అనే ప్రతి మెడికల్ బోర్డు కారణాలు రాసితీరాలి, రాయకపోతే ఆ నిర్ణయం చెల్లకూడదు. సుప్రీంకోర్టు తేల్చేసిన అంశాల మీద అప్పీలుకు వెళ్లే అధికారం కింది విభాగాలకు ఉండకూడదు. అనవసర వ్యాజ్యాలు తగ్గించాలని 2015లో రక్షణ మంత్రిత్వ శాఖ వేసుకున్న నిపుణుల కమిటీయే చెప్పింది. దరఖాస్తు నింపడం దగ్గరి నుంచి కృత్రిమ అవయవం బాగుచేయించడం దాకా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనే సాయం దొరకాలి. వీటికయ్యే ఖర్చు యువకుణ్ణి సరిహద్దుకు పంపేనాడే లెక్కవేసుకోవాల్సింది. అతను గాయపడి తిరిగొచ్చాక ఆ లెక్క సరిచూసుకోవడం మొదలుపెడితే, ఏటా డిసెంబరు 7న మనం జేబుకు పెట్టుకునే పతాక దినోత్సవ జెండాకు విలువ లేదు.