తాళంచెవులూ, ఏలీయా దుప్పటీ



అత్తగారి కొంగున ఉన్న తాళంచెవులు కోడలి చేతికి ఎప్పుడు రావాలి? ఈ మాట అడిగితే ఇంటికో జవాబు వస్తుంది. కొందరు మంచం పట్టేదాకా వదలరు. కొందరు కోపం వచ్చిన రోజున "ఇక నువ్వే చూసుకో" అని విసిరేస్తారు. రెండూ మంచి పద్ధతులు కావు. పెద్దరికం ఎలా అప్పగించాలో, ఎలా అందుకోవాలో బైబిల్లోని ప్రవక్తల కథలు చక్కగా చెబుతాయి. ఆ గ్రంథం చదివే అలవాటు లేనివారికీ అర్థమయ్యేలాగే చెబుతాను, వినండి.

ఏలీయా రాజునే ఎదిరించిన ప్రవక్త. అంతటివాడు కూడా యెజెబెలు రాణి చంపిస్తానని కబురు పంపేసరికి అడవిలోకి పారిపోయి, చెట్టు కింద కూలబడి, ఇక చాలు, ప్రాణం తీసుకోమని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు వెంటనే వారసుడి సంగతి ఎత్తలేదు. ముందు దూతను పంపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు ఇప్పించాడు, నిద్రపోనిచ్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ తర్వాతే, నీకు బదులుగా ఎలీషాను అభిషేకించమన్నాడు. చూశారా! అలిసిపోయిన పెద్దవాళ్ళతో అప్పగింతల మాట ఎత్తేముందు కడుపునిండా అన్నం పెట్టాలి.

ఆ సమయానికి ఎలీషా పొలంలో ఉన్నాడు. పన్నెండు జతల ఎడ్లతో దుక్కి సాగుతోంది, పన్నెండో అరక అతనిదే. ఏలీయా వచ్చి తన దుప్పటి అతని మీద వేశాడు. ఎలీషా అమ్మానాన్నలకు చెప్పి వస్తానని అడిగి వెళ్ళి, ఎడ్లను వధించి, కాడి కర్రలే పొయ్యిలో పెట్టి వండి, అందరికీ భోజనం పెట్టి బయల్దేరాడు. అయితే పెద్దరికం ఆ రోజే రాలేదండీ. ముందు గురువుగారికి పరిచారం చేశాడు. తర్వాత రోజుల్లో కూడా అతన్ని గుర్తుపట్టింది ఏలీయా చేతుల మీద నీళ్ళు పోసినవాడనే!

చివరి రోజున ఏలీయా మూడుసార్లు, నువ్విక్కడే ఉండు అన్నాడు. మూడుసార్లూ ఎలీషా వదలనన్నాడు. ఇద్దరూ యొర్దాను నది దాటాక, నీకేం కావాలో కోరుకో అంటే, నీ ఆత్మలో రెండు పాళ్ళు కావాలన్నాడు. గురువుని మించిపోవాలని కాదు సుమా! మోషే ధర్మశాస్త్రంలో పెద్దకొడుక్కి ఆస్తిలో రెండు వంతులు. నన్ను మీ పెద్దకొడుకుగా చూడండి అని అడగడమన్నమాట.

ఏలీయా సుడిగాలిలో వెళ్ళిపోయాడు, దుప్పటి కింద పడింది. శిష్యులు ఎలీషాకు సాష్టాంగపడ్డారు గానీ, మనసొప్పక యాభై మందిని పంపి పాతాయన కోసం మూడు రోజులు వెతికించారు. ఎలీషా వాళ్ళమీద పగపట్టలేదు. ఆ తర్వాత యెరికో ఊరివాళ్ళు నీళ్ళు బాగాలేవంటే, కొత్త పాత్రలో ఉప్పు తెమ్మని, ఊటలో వేసి బాగుచేశాడు. ఏలీయా ఆకాశం నుంచి అగ్ని దింపినవాడు. ఎలీషా ఉప్పు పట్టుకున్నాడు. మా అత్తగారి పులుసులాగే నేనూ పెట్టాలన్న నియమం ఏమీ లేదు. నీళ్ళు తియ్యగా మారితే చాలు.

ఇంత జరిగినా, ఎలీషాకు మాత్రం అలాంటి వారసుడు కనిపించడు. పనివాడు గేహజీ దగ్గరుండీ చెడిపోయాడు. గురువు వద్దన్న కానుకలను నయమాను వెనకాల పరుగెత్తి, అబద్ధమాడి తెచ్చుకున్నాడు. సమూయేలు కొడుకులూ అంతే, న్యాయాధిపతులై లంచాలు తిన్నారు. పక్కనే ఉన్నంత మాత్రాన, కడుపున పుట్టినంత మాత్రాన దుప్పటి రాదు. అది మనసు చూసి ఇవ్వవలసిన వస్తువు.

మోషే పద్ధతి ఇంకా బాగుంటుంది. కన్నుమూయకముందే యాజకుడి ఎదుట, సమాజమంతటి ఎదుట యెహోషువ మీద చేతులుంచి అప్పగించాడు. అందరూ చూశారు కాబట్టి రేపు "నీకెవరు చెప్పారు?" అనే మాట రాదు.

మన పల్నాడులోనూ ఇలాంటి మాట ఒకటుంది. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు 1842లో గుంటూరు వచ్చారు, 1849లో గురజాలలో పని మొదలుపెట్టారు. తర్వాత అమెరికా వెళ్ళిపోయారు. రాజమండ్రి పని వేరే మిషన్‌కి వెళ్ళిపోతుందని తెలిసి, 76 ఏళ్ళ వయసులో 1869లో మళ్ళీ ఓడెక్కి వచ్చారు. ఉండిపోవడానికి కాదు, నిలబెట్టి అప్పగించడానికి! 1870లో వచ్చిన ష్మిట్ గారికి పని చూపించి, 1871లో సెలవు తీసుకున్నారు. 1873లో కన్నుమూశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా చిలకలూరిపేటలో ఒక స్త్రీల సమాజాన్ని ఏళ్ళ తరబడి నడిపిన పెద్దామె ఉండేవారు. వంట చేసినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి పెట్టించి, దిక్కులేని వాళ్ళకు పంచేవారు. ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద లేదు, ఆమె తలలోనే ఉంది. ఆమె హఠాత్తుగా పోయాక బియ్యం డబ్బా నిండుతూనే ఉంది గానీ, ఊరి చివర ఇద్దరు ముసలివాళ్ళకు రెండు నెలలు ఒక్క గింజ వెళ్ళలేదు. వాళ్ళు నోరు తెరిచి అడిగే రకం కాదు. ఎవరిదీ చెడ్డ మనసు కాదమ్మా, దుప్పటి వేసే రోజు మాత్రం రాలేదు.

అందుకని పెద్దవాళ్ళకో మాట. ఆరోగ్యంగా ఉండగానే కోడలినో, చిన్నదాన్నో పక్కన కూర్చోబెట్టుకుని చిట్టీల లెక్క, పాల బాకీ, చుట్టాలకు పెట్టుపోతలు, నోటిలెక్క ఉన్నవన్నీ ఒక నోటుబుక్కులో రాయించండి. నలుగురి ముందూ "ఇక ఈ పని ఈమెది" అని చెప్పండి. ఆ తర్వాత అడిగితే చెప్పండి, అడగకుండా వేలు పెట్టకండి. చిన్నవాళ్ళకూ ఓ మాట. తాళంచెవులు అడగడానికి ముందు చేతుల మీద నీళ్ళు పొయ్యండి. అందిన రోజున పాతవాళ్ళ పేరు చెరపకండి, మీ ఉప్పు మీరు వెయ్యండి.

ఈ వారం కూరగాయల చీటీ రాసేటప్పుడు దాని వెనకాల ఒక్క ప్రశ్న రాసుకోండి: నేను రేపు లేకపోతే ఈ ఇంట్లో ఏ పని ఆగిపోతుంది? జవాబు దొరికిన చోట మీ దుప్పటి ఎవరి మీద వెయ్యాలో మీకే తెలుస్తుంది. ఏమంటారు?