పసుపు, ఆకుకూరలు, పెద్దపేగు కేన్సర్: ప్రయోగశాల గెలుపు చాలదు



పసుపులోని కర్క్యుమిన్ పెద్దపేగు కేన్సర్ కణాలను చంపుతుందన్న వార్త ఏటా రెండు మూడు సార్లు మన ఫోన్లలోకి వస్తూనే ఉంటుంది. ఒకసారి పసుపు, ఒకసారి అల్లం, మరొకసారి దానిమ్మ తొక్క. పంపేవారు మంచి మనసుతోనే పంపుతారు. వార్త అబద్ధమూ కాదు. కానీ దానిని చదివిన మనిషి, మలంలో రక్తం పడుతున్నా పరీక్షకు వెళ్ళక, పాలలో పసుపు కలుపుకొని తాగుతూ ఆరు నెలలు గడిపితే, ఆ నిజం అబద్ధం కన్న ఎక్కువ హాని చేసినట్టే. నా ఆందోళన ఆ ఆరు నెలలను గురించి.

ముందు ప్రయోగశాలలో ఏమి జరుగుతుందో చూద్దాం. 1964లో అమెరికాలో 44 ఏళ్ళ మహిళ పెద్దపేగు కణితి నుంచి తీసిన కణాలు హెచ్‌టీ-29 అన్న పేరుతో నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటిని పోషకద్రవం నింపిన పళ్ళెంలో పెంచి, అందులో కర్క్యుమిన్ కలిపితే కణవిభజన మందగిస్తుంది. చాలా కణాలు తమంతట తామే కూలిపోతాయి. ఇది నిజమైన శాస్త్రమే. అయితే ఆ పళ్ళెంలో కాలేయం లేదు, పేగుగోడ లేదు, రక్తప్రసరణ లేదు. ఉప్పు ఎక్కువ పోసినా, సబ్బునీళ్ళు కలిపినా కూడా ఆ కణాలు చస్తాయి. కనుక చంపిందా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎంత మోతాదుకు చంపింది, పక్కనున్న మంచి కణాన్ని వదిలిందా, నోటితో మింగితే ఆ మోతాదు అక్కడికి చేరుతుందా అని కూడా అడగాలి.

ఆ మోతాదు లెక్కను మీరే వేసి చూడండి. పసుపులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతం. 2001లో తైవాన్ వైద్యులు రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే, రక్తంలో అది అత్యధికంగా రెండు మైక్రోమోలార్‌కు లోపుగానే కనబడింది. ప్రయోగశాల పళ్ళేలలో తరచుగా వాడేది పది నుంచి యాభై. అంటే పావుకిలోకు పైగా పసుపుతో సమానమైన కర్క్యుమిన్ మింగినా ఆ గాఢతలో ఐదో వంతుకు కూడా రక్తం చేరలేదు. పేగు దానిని సరిగా పీల్చుకోదు. పీల్చుకున్న కొంచెాన్నీ కాలేయం వెంటనే మార్చి బయటకు పంపేస్తుంది.

ఇక్కడ పెద్దపేగు విషయంలో ఒక న్యాయమైన వాదన ఉంది, దానిని దాచకూడదు. పీల్చుకోనిది కిందికే దిగుతుంది కదా, అప్పుడు పెద్దపేగుకు నేరుగానే తగులుతుంది కదా? నిజమే. 2005లో ఇంగ్లండులోని లెస్టర్ వైద్యులు, శస్త్రచికిత్సకు ముందు వారం రోజులు కర్క్యుమిన్ తీసుకున్న రోగుల పేగు ముక్కలలో దానిని కనుగొన్నారు కూడా. అందువల్లనే ఆశ పుట్టింది. ఆ ఆశను పరీక్షించడానికి, వంశపారంపర్యంగా పేగులో వందల పాలిప్‌లు పుట్టే జబ్బు ఉన్న 44 మందిని తీసుకొని, కొందరికి రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్, కొందరికి ఉత్తి మాత్రలు ఏడాదిపాటు ఇచ్చారు. 2018లో ఫలితం వచ్చింది. పాలిప్‌ల సంఖ్యలోగాని పరిమాణంలోగాని రెండు వర్గాలకూ తేడా లేదు. ఈ ఫలితం ఎవరి ఫోనులోకీ వచ్చినట్టు నేను చూడలేదు.

మన హైదరాబాదులోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 1992లో 16 మంది పొగతాగేవారికి నెల రోజులు రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు ఇచ్చి చూశారు. జన్యువులను దెబ్బతీసే పదార్థాలు వారి మూత్రంలో తగ్గాయి. ఒకటిన్నర గ్రాములంటే మన వంటింటి కొలతే. అందుకే ఆ పరిశోధన మీద నాకు గౌరవం. అయితే ఆ శాస్త్రవేత్తలు తేల్చింది మూత్రాన్ని గురించి. కేన్సర్ తగ్గిందని వారు అనలేదు. ఆ మాట మనం తగిలించుకున్నది.

ఆకుకూరల కథ ఇంకా ఆలోచింపజేసేది, పైగా అందులో మన తెలుగువాడున్నాడు. పాలకూర నుంచి 1941లో ఒక విటమిన్‌ను వేరుచేసి, లాటిన్‌లో ఆకు అన్న మాట నుంచి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి దానిని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకు అమృతంలా పనిచేసే ఈ పదార్థం రక్త కేన్సర్‌కూ పనిచేయవచ్చునని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చి చూశారు. జబ్బు ఇంకా ఉరకలు వేసింది. విభజన పొందే కణానికి ఫోలేట్ ఆహారం. మంచి కణమా, చెడ్డ కణమా అని అది చూడదు. దానితో తర్కం తిరగబడింది. ఫోలేట్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు గారి బృందం అందించగా, 1948లో లుకేమియా పిల్లలలో జబ్బు తాత్కాలికంగానైనా తొలిసారి వెనక్కి తగ్గింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

పెద్దపేగుకు దీనితో సంబంధమేమంటే, ఆకుకూరలు బాగా తినేవారిలో ఈ కేన్సర్ తక్కువని గమనించి, పాలిప్ తీయించుకున్న వెయ్యిమందికి పైగా మనుషులపై ఫోలిక్ ఆమ్లపు మాత్రను పరీక్షించారు. 2007లో ప్రకటించిన ఫలితం ప్రకారం కొత్త పాలిప్‌లు తగ్గలేదు. తరువాతి సంవత్సరాలలో ముదిరిన పాలిప్‌లు మాత్రవారిలోనే కొంత ఎక్కువ. అనంతరం అనేక పరీక్షలను కలిపి చూసినప్పుడు ఆ హాని రుజువు కాలేదు, మేలూ కనబడలేదు. కాబట్టి గర్భిణులు ఫోలిక్ ఆమ్లం మానకండి, వారి అవసరం వేరు. నేను చెప్పేది ఇంతే: ఆకులో ఉన్నది మాత్రలోకి ఎక్కినంత మాత్రాన ఆకు చేసిన పని చేయదు.

అలాగని మొక్కలను తక్కువ చేయడం లేదు. పెద్దపేగు కేన్సర్‌కు నేడు వాడే ఇరినోటెకాన్ చైనాలోని ఒక చెట్టు నుంచి 1966లో వేరుచేసిన పదార్థానికి బిడ్డే. ఆ అసలు పదార్థాన్ని నేరుగా ఇస్తే రోగులు తట్టుకోలేకపోయారు. రసాయనికంగా మార్చి, మోతాదు కట్టి, అమెరికాలో అనుమతి పొందేసరికి 1996 అయింది. ముప్ఫై ఏళ్ళు.

ఇక తినవలసినది ఏమిటంటారా? నా ఓటు జొన్నరొట్టెకు, పప్పుకు, పుంటికూరకు. వాటిలోని పీచును మనం అరిగించుకోలేము. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి బ్యుటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పేగుగోడ కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. పైగా అది అవసరమైన చోటనే, అవసరమైన మోతాదులో పుడుతుంది. 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఇరవైమంది నల్లజాతి అమెరికన్లు, ఇరవైమంది గ్రామీణ దక్షిణాఫ్రికా వాసులు రెండు వారాలు ఒకరి తిండి ఒకరు తిన్నారు. పీచు తిన్న అమెరికన్లలో బ్యుటిరేట్ రెండున్నర రెట్లు పెరిగి, పేగుగోడలో కణాల ఉరవడి తగ్గింది. మాంసం, కొవ్వు తిన్న ఆఫ్రికావారిలో దానికి విరుద్ధంగా జరిగింది. ఇది కూడా కేన్సర్ ఆగిపోయిందనడానికి రుజువు కాదు. కానీ మనుషుల కడుపులో చూసిన సంగతి, మన కంచంలో దొరికే సంగతి. మన ప్రాంతంలో రెండు తరాల కిందట జొన్నరొట్టె రోజువారీ తిండి. ఇప్పుడు షుగరు వచ్చాకే దాని జోలికి వెళుతున్నాము.

కూరలో పసుపు వేసుకోండి, దానికి భయమక్కరలేదు. పసుపు కాప్సూళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త. మిరియాల సారం కలిపిన వాటితో సహా ఇవి కొందరి కాలేయాన్ని దెబ్బతీసిన ఉదంతాలు వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. కీమోథెరపీ తీసుకుంటున్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు తమ డాక్టరుకు చెప్పకుండా వాటిని ముట్టవద్దు.

బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని వంటి మన బొగ్గు పట్టణాలలో గని కార్మికునికి సర్వీసులో ఉన్నంతకాలం నియమిత వైద్యపరీక్షలుంటాయి. వాటిలో ప్రధానంగా చూసేది ఊపిరితిత్తులనే. ప్రభుత్వ జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లకు పరీక్ష ఉంది, పెద్దపేగుకు లేదు. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకన్న తక్కువ కాబట్టి అందరికీ పరీక్ష చేయమని నేను వాదించను. కానీ లక్షణం ఉన్నవాడికైనా దారి ఉండాలి కదా. మలంలో రక్తమనగానే మన దగ్గర మొదటి మాట మొలలు, మొదటి మజిలీ ఆపరేషన్ లేకుండా మొలల చికిత్స అనే బోర్డు. మొలలున్న మనిషికి కేన్సర్ రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా కొలనోస్కోపీ జరగాలని అడగడం పసుపు గురించి వాదించుకోవడం కన్న మనకు ఎక్కువ అవసరం.

నలభై ఐదు దాటాక కొత్తగా మలవిసర్జన తీరు మారినా, రక్తం పడినా, కారణం తెలియకుండా బరువు తగ్గినా వెళ్ళండి. యాభై దాటిన పురుషుడికి ఇనుము లోపంతో రక్తహీనత వస్తే టానిక్‌తో సరిపెట్టకుండా, రక్తం ఎక్కడ పోతున్నదని డాక్టరును అడగండి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు ఉంటే ఆ మాట మీరే ముందుగా చెప్పండి. డాక్టరు మలద్వారాన్ని వేలితో పరీక్షిస్తానంటే సిగ్గుపడి లేచిపోవద్దు. దానికి రెండు నిమిషాలైనా పట్టదు, కింది భాగంలో ఉన్న కణితులు కొన్ని ఆ వేలికే తగులుతాయి.